అంబాసిడర్ ఊళ్లో బానే ఉంటోంది, హైవే ఎక్కితే హీటెక్కిపోతోంది. హెడ్డు దించాలా, రేడియేటర్ మార్చాలా?

కోనసీమ కొబ్బరి:

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. బండి 1991 అంబాసిడర్ నోవా, పెట్రోలు, దాంతో వచ్చిన 1489 సీసీ ఇంజనే ఇంకా ఉంది. నాన్నగారు కొన్న బండి. ఏసీ మాత్రం తర్వాత బయట పెట్టించారు.

సమస్య ఏంటంటే, అమలాపురంలో గడియారస్తంభం దగ్గర ఎంతసేపు ట్రాఫిక్‌లో నిలబడ్డా ముల్లు మధ్యలోంచి కదలదు. అదే రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కి, నలుగురం కూర్చుని ఏసీ వేసుకుని 60 దాటించామా, వేమగిరి వచ్చేలోగా ఎర్రగీత దగ్గరకి పోతుంది. ఏసీ కట్టేసి 40కి దించితే కాసేపటికి మళ్లీ కిందకి వస్తుంది. నీళ్లు పెద్దగా తగ్గడం లేదు. ఆయిల్ పుల్ల తీసి చూశాను, రంగు మామూలుగానే ఉంది.

ఇప్పటిదాకా చేయించినవి: ఫ్యాన్ బెల్టు కొత్తది, రేడియేటర్ మూత కొత్తది. థర్మోస్టాట్ వాల్వు (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపేది) అయితే మెకానిక్ తీసి అవతల పారేశాడు, "మన ఎండలకి ఇదెందుకండీ" అని. అయినా అదే వరస. ఇప్పుడాయన హెడ్డు (ఇంజన్ పై భాగం) దించి, దాని కింద బిగింపుకి వేసే గ్యాస్కెట్ మార్చాలంటున్నాడు. ఇంకొకాయన రేడియేటర్ కొత్తది వేసేయమంటున్నాడు. నీళ్లంటే ఇంట్లో బోరు నీళ్లే పోస్తున్నాం.

వచ్చే నెల మా చెల్లెల్ని రాజమండ్రి నుంచి పురిటికి తీసుకురావాలి. ఆ బండిలోనే తేవాలని నాన్నగారి పట్టుదల. ముందు దేని మీద చెయ్యి వెయ్యమంటారు?

వైనతేయ తీరం:

మా మావయ్యకీ అంబాసిడర్ ఉండేదండి. నీళ్లు కారితే రేడియేటర్‌లో గుప్పెడు పసుపు పోసేవారు, కారడం ఆగిపోయేది. మీకు కారడం లేదు కాబట్టి అది వద్దు గానీ, ఎందుకొచ్చిన తలనొప్పి, ఇప్పుడు అల్యూమినియం రేడియేటర్లు చేసిస్తున్నారు, ఒకటి వేయించేయండి. పాత రాగిది అమ్మినా మంచి ధరే వస్తుంది.

పాత ట్యాక్సీ, రావులపాలెం:

కొబ్బరి గారూ, ఆగండాగండి. రాగి రేడియేటర్ని పాత సామాన్ల వాడికి వెయ్యకండి. హెడ్డూ దించకండి. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది, దాన్ని ఎవరూ చదివినట్టు లేదు.

నేను ఇరవై ఏళ్ల పైన అంబాసిడర్ ట్యాక్సీ తిప్పినోణ్ణి. పెళ్లివారు, కాకినాడ ఆస్పత్రికి రోగులు, అన్నవరం యాత్రలు, అన్నీ ఆ బండి మీదే. బండి హీటెక్కుతోందని ఎవరొచ్చినా నేను అడిగేది ఒకటే: ఎప్పుడెక్కుతోంది? నిలబడ్డప్పుడా, పరిగెత్తేటప్పుడా, పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానేనా? ఏది పాడైందో ఆ "ఎప్పుడు" చెప్పేస్తుంది. అది అడక్కుండా సామాన్లు మార్చేవాడు మీ డబ్బుతో చదువు నేర్చుకుంటున్నాడని అర్థం.

నిలబడ్డప్పుడు ఎక్కి, పరిగెత్తితే దిగితే అది గాలి తక్కువ. ఫ్యాన్, బెల్టు చూసుకోవాలి. మన అంబాసిడర్‌కి ఫ్యాను, వాటర్ బాడీ (నీళ్లు తిప్పే పంపు) ఒకే ఇరుసు మీద ఉంటాయి, ఒకే బెల్టు తిప్పుతుంది. బెల్టు వదులైతే గాలీ నీళ్లూ రెండూ ఒకేసారి తగ్గుతాయి, డైనమో దీపం కూడా వెలుగుతుంది. మీకు ట్రాఫిక్‌లో ముల్లు కదలడం లేదన్నారు. కాబట్టి ఆ గొడవ లేదు.

గ్యాస్కెట్ పోయిన బండి మీలాగా మర్యాదగా ఉండదండి. చల్లటి ఇంజన్‌కి మూత తీసి, నిండా నీళ్లు పోసి సెల్ఫ్ కొట్టండి. గ్యాస్కెట్ పోతే నిమిషం రెండు నిమిషాల్లోనే లోపల్నుంచి బుడగలు ఆగకుండా వస్తాయి, యాక్సిలేటర్ ఇస్తే నీళ్లు మూతి దాకా ఎగదన్నుతాయి. ఇంజన్ ఇంకా వేడెక్కకముందే పైన హోస్ పైపు రాయిలా బిగుసుకుపోతుంది. నీళ్లు ఎటు పోతున్నాయో తెలియకుండా రోజూ తగ్గుతాయి. సైలెన్సర్లోంచి తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తుంది. ఆయిల్ మూత అడుగున మీగడ కడుతుంది. ఇందులో మీకు ఒక్కటీ లేదు. బుడగల పరీక్ష చేసి చూడండి, ఖర్చు లేనిదే కదా. అది కూడా లేకపోతే హెడ్డు జోలికి పోనివ్వకండి. ఒకసారి దించితే సానపట్టాలంటాడు, వాల్వులు రుద్దాలంటాడు, పనిలో పని రింగులు కూడా అంటాడు.

మీది మూడో రకం. వేగంలో, బరువులో, ఏసీ వేసినప్పుడు ఎక్కుతోంది, తగ్గిస్తే దిగుతోంది. అంటే ఇంజన్ పుట్టించే వేడిని రేడియేటర్ ఒక హద్దు దాకానే మోయగలుగుతోంది, ఆ పైన చేతులెత్తేస్తోంది. దానికి నాకు కనపడే దారులు మూడు: గొట్టాల లోపల పూడుకుపోవడం, బయట రేకుల మధ్య గాలి ఆడకపోవడం, కింద హోస్ పైపు నొక్కుకుపోవడం.

ఖర్చు లేనివి ముందు చూద్దాం. కింద హోస్ పైపంటే వాటర్ బాడీ నీళ్లు పీల్చుకునేది. రబ్బరు మెత్తబడితే మామూలు తిప్పుడులో బాగానే ఉంటుంది, వేగం పెరిగేసరికి పీల్పుకి లోపలికి ముడుచుకుపోతుంది. బానెట్ ఎత్తి, ఇంజన్ బాగా వేడెక్కాక ఒకరు యాక్సిలేటర్ నొక్కిపట్టి ఉంచితే మీరు పక్కనుంచి ఆ పైపు చూడండి. నడుం సన్నబడితే పైపు మార్చండి, లోపల స్ప్రింగు ఉన్నది దొరికితే మరీ మంచిది. చొక్కా చేతులు, తువ్వాలు ఫ్యాను దగ్గరకి పోకుండా చూసుకోండి.

రెండోది నాకు గట్టి అనుమానం. మీకు ఏసీ బయట పెట్టించారన్నారు. అంటే రేడియేటర్ ముందు కండెన్సర్ (ఏసీ గ్యాస్‌ని చల్లార్చేది) ఒకటి ఉంటుంది. ముందునుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది, మెకానిక్ టార్చి వేసి "బాగుందండి" అనేస్తాడు. ఆ రెండింటి మధ్య సందులో ఏముందో ఎవడూ చూడడు. మీది అంబాజీపేట. చుట్టూ కొబ్బరి పీచు మిల్లులు. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు రోడ్డు పొడుగునా ధాన్యం ఆరబోస్తారు, ఊకంతా బళ్ల మీదే. రాత్రి పూట పచ్చదోమ, పురుగు సరేసరి. కండెన్సర్ మేకులు విప్పి, గ్యాస్ పైపులు వంచకుండా, విరక్కుండా ఒక చెయ్యి పట్టేంత ముందుకి జరిపి సందులోకి చూడండి. ఏం కనపడిందో ఇక్కడ రాయండి.

ఇక థర్మోస్టాట్. అది తీసేయడం మన వైపు మెకానిక్కులకి ఆచారమైపోయింది. అది అడ్డుపడి మూసుకుపోయి ఉంటే తీసేస్తే తగ్గాలి. మీకు తగ్గలేదు. కాబట్టి తప్పు దానిది కాదని తేలిపోయింది. మరి తిరిగి పెట్టలేదేం? అది లేకపోతే ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, చలికాలం పొద్దున్నే చోక్ మీద లాగుతూ ఉండాలి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్లో చెమ్మ పోదు, లోపల అరుగుదల పెరుగుతుంది. కొత్తది కొనేటప్పుడు గిన్నెలో నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టి చూడండి, మరుగు పట్టేలోగా తెరుచుకుంటే మంచిది.

వైనతేయ గారూ, పసుపు మాట మీరెత్తారు కాబట్టి. దారిలో, అర్ధరాత్రి, ఇల్లు చేరడానికి ఒక్కసారి అయితే సరే. కానీ పసుపు కన్నాన్నే వెతుక్కుని మూయదండి, సన్న గొట్టాలన్నీ మూస్తుంది. పసుపు తాగిన రేడియేటర్లు చాలా విప్పించాను, అడుగున గోధుమరంగు ముద్ద.

పాయింట్లు ప్లగ్గులు, భీమవరం:

ట్యాక్సీ గారు చెప్పినదాంట్లో తప్పు లేదు గానీ ఒకటి కలుపుతాను. పెట్రోలు బండి, ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ పాయింట్లతో నడిచేది కాబట్టి టైమింగ్, అంటే నిప్పు ఎప్పుడు పడుతోందో అది కూడా చూపించండి. పాయింట్లలో క్యామ్‌కి రాసుకునే చిన్న మడమ అరిగే కొద్దీ సందు తగ్గుతుంది, సందు తగ్గే కొద్దీ నిప్పు ఆలస్యంగా పడుతుంది. ఆలస్యంగా అంటుకున్న మంట సైలెన్సర్ దాకా మండుతూనే పోతుంది, ఆ వేడంతా హెడ్డు మీదే. లాగుడు కూడా తగ్గి ఉంటుంది, గమనించారా? సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు పెట్టించి, ఆ తర్వాత టైమింగ్ లైటుతో చూపించండి. ముందు టైమింగ్, తర్వాత సందు పెడితే పని రెండోసారి చెయ్యాలి.

ఇంకోటి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కార్బురేటర్‌లో మిశ్రమం పల్చబడుతుంది, ఇంజన్ కాస్త వేడిగా నడుస్తుంది. కొత్త బళ్లలో కంప్యూటర్ సర్దుకుంటుంది, మన కార్బురేటర్‌కి ఆ తెలివి ఎక్కడిది. ప్లగ్గులు తీసి చూడండి. లేత బిస్కెట్ రంగుంటే పర్లేదు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ కాస్త పెద్దది వేయించాలి. దీనివల్ల ఒక్కదానికే ముల్లు ఎర్రగీతకి పోదు గానీ, అసలే చాలీచాలని రేడియేటర్ మీద ఇదో భారం.

ఆ పెట్రోలు పైపుల రబ్బర్లని కూడా తినేస్తుంది, పాత పైపులు పగిలాయేమో చూసుకోండి. ఇంజన్ మీద పెట్రోలు కారితే హీటు సంగతి తర్వాత, బండే ఉండదు.

చేపల చెరువు:

నాదో చిన్న అనుమానం. ముల్లు నిజం చెబుతోందా? పాత మీటర్లలో కొన్నిటికి పెట్రోలు ముల్లుకీ వేడి ముల్లుకీ కలిపి ఒకే వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది. అది చెడితే రెండూ కలిసి పైకి లేస్తాయి.

పాత ట్యాక్సీ, రావులపాలెం:

మంచి మాట. కానీ ఆయనకి వేగం తగ్గిస్తే దిగుతోంది, పెట్రోలు ముల్లు ఆడినట్టు రాయలేదు. అనుమానం ఉంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో థర్మోస్టాట్ గూడు మీద కొట్టి చూడండి. కరోనా టైములో కొన్న నుదుటి తుపాకీ మాత్రం పనికిరాదు, అది మనిషి జ్వరం దాకానే కొలుస్తుంది. పరిశ్రమల్లో వాడేది కావాలి.

కోనసీమ కొబ్బరి:

ట్యాక్సీ గారూ, మీకో దండం. బుడగల పరీక్ష చేశాం, బుడగల్లేవు. కింద పైపు కాస్త మెత్తగా ఉంది గానీ ముడుచుకోవడం లేదు.

ఈ రోజు పొద్దున్నే నేనూ మా పాలేరూ కలిసి కండెన్సర్ ముందుకి జరిపాం. రేడియేటర్ రేకులు కనపడలేదండి. దళసరి దుప్పటి పరిచినట్టు ఎర్రటి కొబ్బరి పొట్టు, మధ్యమధ్య వరి ఊక, ఎండిపోయిన పురుగులు, ఒక సీతాకోకచిలుక రెక్క. వేలితో లాగితే పొరగా ఊడి వచ్చింది. పైన మూడోవంతే ఖాళీగా ఉంది, మిగతా అంతా ఇదే. మెకానిక్‌కి ఫోటో పంపితే "ఓహో" అన్నాడు, అంతే.

ప్రెషర్ గన్‌తో కొట్టించేయమంటారా?

పాత ట్యాక్సీ, రావులపాలెం:

కొట్టించకండి! సర్వీసింగ్ గన్‌తో దగ్గర్నుంచి కొడితే రేకులు పడుకుంటాయి, ఇక గాలి శాశ్వతంగా బంద్. మామూలు తోట పైపు చాలు. ఇంజన్ వైపునుంచి ముందుకి, అంటే గాలి వచ్చే దారికి ఎదురుగా పట్టండి. ముందునుంచి కొడితే పొట్టు ఇంకా లోపలికి దిగిపోతుంది. ముందు ఎండినది చేత్తో, మెత్తటి బ్రష్షుతో రాల్చేయండి, కొబ్బరి పొట్టు తడిస్తే ఉబ్బుతుందని మీకు నేను చెప్పాలా. తర్వాత కాస్త సబ్బునీళ్లు పట్టించి, నాననిచ్చి కడగండి. డిస్ట్రిబ్యూటర్‌కి ప్లాస్టిక్ కవరు కట్టండి.

కడిగాక ఇంజన్ నడుస్తుండగా పేపరు కాగితం ఒకటి కండెన్సర్ ముందు పట్టండి. అతుక్కుని ఉండాలి.

ఇది ఒక సగం. బోరు నీళ్లన్నారు చూడండి, నాకు రెండో సగం అక్కడుంది. కడిగిన తర్వాత బండిని హైవే మీద తిప్పి తెచ్చి, ఇంజన్ ఆపి, తాళంచెవి తీసేసి (ఏసీకి కరెంటు ఫ్యానుంటే చెప్పకుండా తిరుగుతుంది), కండెన్సర్ జరిపి రేడియేటర్ మీద అరచెయ్యి ఆనీ ఆనకుండా పై నుంచి కిందికి, ఈ అంచు నుంచి ఆ అంచుకి జరపండి. వేడి పై నుంచి కిందికి మెల్లగా తగ్గాలి. మధ్యలో ఎక్కడైనా ఉన్నట్టుండి చల్లటి పట్టీ తగిలితే అక్కడ గొట్టాల్లో నీళ్లు పారడం లేదన్నమాట. వేడిగా ఉన్నప్పుడు మూత మాత్రం తియ్యకండి. నీళ్లు మామూలుగా 100 డిగ్రీలకి మరుగుతాయి, 7 పౌండ్ల ఒత్తిడి పట్టే మూత కింద సుమారు 111 దాకా మరగకుండా ఆగి ఉంటాయి, మూత తీయగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదకి వస్తాయి. ముసలి రేడియేటర్‌కి ఎక్కువ పౌండ్ల మూత పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి, అతుకులు ఊడతాయి.

కోనసీమ కొబ్బరి:

కడిగి, రావులపాలెం నుంచి వేమగిరి దాకా వెళ్లొచ్చాం. ఏసీ లేకుండా 60లో ముల్లు మధ్య గీతకి కొంచెం పైన ఆగింది. ఏసీ వేస్తే మళ్లీ ఎక్కుతోంది, ఇదివరకంత జోరుగా కాదు. చెయ్యి పెట్టి చూశాను. ఎడమ అంచునుంచి జానెడు మేర చల్లగా ఉంది, పక్కనే చురుక్కుమంటోంది.

పాత ట్యాక్సీ, రావులపాలెం:

దొరికింది. ఇప్పుడు రేడియేటర్ షాపుకి వెళ్లండి. రాజమండ్రిలోనో, తణుకులోనో పాతకాలపు వాళ్లుంటారు, రాగి పని చేసేవాళ్లు. వాళ్లతో ఇలా చెప్పండి: "పై ట్యాంకు, కింది ట్యాంకు అతుకులు విప్పి, గొట్టాలన్నిట్లో సన్న కమ్మీ తోసి, మళ్లీ అతికి, గాలి పట్టి నీళ్లలో ముంచి చూపించండి." యాసిడ్ పోసి గలగలలాడించి ఇస్తానంటే ఒప్పుకోకండి, పూర్తిగా పూడిన గొట్టాల్లోకి అది దిగదు, పల్చబడిన గొట్టాలు మాత్రం కన్నాలు పడతాయి. ట్యాంకు విప్పినప్పుడు మీరు దగ్గరుండి చూడండి. ఏ గొట్టాలు పూడాయో వాళ్లు చూపిస్తారు. సగానికి పైగా పోతే అప్పుడు కొత్త జాలీ (గొట్టాలూ రేకులూ ఉన్న మధ్య భాగం) వేయిద్దాం, పాత ట్యాంకులకే. అప్పటిదాకా కొత్త రేడియేటర్ ఊసెత్తకండి.

రేడియేటర్ దించి ఉండగానే ఇంజన్ బ్లాకు పక్కనున్న డ్రెయిన్ బిరడా విప్పించండి. చాలామంది దాన్ని మర్చిపోతారు. తుప్పు బురదంతా బ్లాకు వెనక్కి, ఆఖరి సిలిండర్ చుట్టూ పేరుకుంటుంది. విప్పినా చుక్క రాకపోతే కంగారు పడకండి, తీగ పెట్టి పొడిస్తే ఎర్రమట్టిలా దిగుతుంది. నీళ్లు తేటబడే దాకా పైపు పెట్టి వదలండి. ఇది చెయ్యకుండా శుభ్రమైన రేడియేటర్ బిగిస్తే ఆ బురదే వచ్చి అందులో కూర్చుంటుంది. కింద పైపు మెత్తబడిందన్నారుగా, అదీ పైదీ ఇప్పుడే మార్చేయండి. వాటర్ బాడీ ఇరుసుని పట్టి ఊపి చూడండి, ఆడితే, లేదా కింద చిన్న కన్నంలోంచి నీటి చార కనిపిస్తే అదీ వరసలోకి వస్తుంది.

కోనసీమ కొబ్బరి:

విప్పారండి. ఎడమవైపు గొట్టాల మూతుల మీద తెల్లగా గడ్డ కట్టింది, గోటితో గీకితే రాలేదు. మిగతావి బాగానే ఉన్నాయి. కమ్మీ తోస్తే తెల్లటి పొడి, దాని వెనకే పసుపుపచ్చ ముద్ద కొంచెం వచ్చింది. నాన్నగార్ని అడిగితే మాట మార్చేశారు. జాలీ మార్చక్కర్లేదన్నారు షాపాయన. బ్లాకు బిరడాకి తీగ పెట్టాల్సే వచ్చింది.

ఇప్పుడు నీళ్ల సంగతి చెప్పండి. కాలువ నీళ్లు పోస్తే నయమా?

పాత ట్యాక్సీ, రావులపాలెం:

పసుపు ఎవరు పోశారో తెలిసిపోయింది, పెద్దాయన్ని ఏమీ అనకండి.

మన బోరు నీళ్లు తాగడానికే సరిపోవు, సముద్రం వైపు వెళ్లే కొద్దీ ఉప్పు. మరిగే కొద్దీ ఆ ఉప్పూ సున్నమూ గొట్టాల గోడలకి అంటుకుంటాయి, మీరు గోటితో గీకింది అదే. కాలువ నీళ్లు బోరు కన్నా మెత్తనే గానీ ఒండ్రు ఉంటుంది, ఎండాకాలం కాలువలు కట్టేశాక అడుగున మిగిలేది బురదే. రెండూ వద్దు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తెచ్చి, కూలెంట్ కలిపి పోయండి. డబ్బా మీద చదవండి, కొన్ని కలిపి అమ్మేవి, కొన్ని చిక్కటివి. చిక్కటిదైతే సగం సగం. మనకి గడ్డకట్టే చలి లేదు, అయినా తుప్పు పట్టనివ్వదు, మరుగు కూడా కాస్త పైకి జరుగుతుంది. రంగు చూసి కొనకండి, పచ్చదైనా ఎర్రదైనా రంగుకి అర్థమేం లేదు. పాత ఇనుప బ్లాకుకీ రాగి రేడియేటర్‌కీ పనికొస్తుందని రాసి ఉండాలి.

పోసేటప్పుడు మూత తీసి ఉంచి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా ఇంజన్ నడిపించండి, లోపలి గాలి బయటికొచ్చి మట్టం దిగుతుంది, మళ్లీ నింపండి. భీమవరం ఆయన చెప్పిన పాయింట్లు కూడా అదే రోజు పెట్టించండి.

చెల్లెమ్మని తెచ్చేముందు నలుగురు బరువుతో, ఏసీ వేసి, మిట్టమధ్యాహ్నం వేమగిరి దాకా ఒక్కసారి వెళ్లి రండి. అప్పటికీ ముల్లు ఎక్కితే ఆ రోజుకి వేరే బండి మాట్లాడుకోండి, పెద్దాయనతో నేను ఫోన్లో మాట్లాడతాను.

కోనసీమ కొబ్బరి:

నిన్న మధ్యాహ్నం వెళ్లొచ్చాం. ఏసీ వేసి, 70లో, నలుగురం. ముల్లు మధ్య గీత మీదే ఉంది. టైమింగ్ పెట్టించాక వంతెన ఎక్కేటప్పుడు లాగుడు కూడా తేడా తెలిసింది. ఒక్కటే, కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య దోమతెర లాంటిది పెడితే పొట్టు ఆగుతుందా?

పాత ట్యాక్సీ, రావులపాలెం:

మధ్యలో వద్దు. పెట్టాలనుకుంటే కండెన్సర్ ముందు, గ్రిల్లు వెనకాల, కళ్లు పెద్దవిగా ఉన్న ఇనుప జల్లెడ పెట్టండి. దోమతెర అయితే అదే గాలిని ఆపేస్తుంది. అది కూడా కోతలప్పుడే, మిగతా రోజుల్లో తీసేసి ఉంచండి.